కంచె అవతలి పసుపు

టైలరమ్మకి రంగులు కలపడం వెన్నతో పెట్టిన విద్య. ఇంటి ముందు కంచె పొడవునా ముదురు ఊదా ఆకుల మొక్కలు నాటి, వాటి మొదట్లో జాకెట్టుకి అంచు కుట్టినట్టు నూగు నూగుగా ఉండే బూడిదరంగు ఆకులు పెంచింది. పొద్దున లేస్తే చెంగుతో ఆకుల దుమ్ము తుడవడం, కంచె అవతల తోడికోడలి చామంతి కుండీలను ఓరకంట చూసి మూతి తిప్పుకోవడం. ఆ పిల్లకి వరసా పద్ధతీ తెలియవు. కుండీ ఎక్కడ దింపితే అక్కడే పసుపు విరగబూసేది. దారినపోయేవాళ్ళు మాత్రం ఆ పిల్లనే పలకరించి, "మీ తోట ఎంత బావుందమ్మా!" అనేవాళ్ళు. టైలరమ్మకి కడుపు మండిపోయేది.

ఓ రోజు ఉండబట్టలేక, "నీ కుండీలు నా మొక్కలకి ఎండ రానివ్వట్లేదు, తీసెయ్," అంది. "అలాగే అక్కా," అని ఆ పిల్ల అప్పటికప్పుడే వాటిని ఇంటి గోడవారకి మార్చేసింది. మర్నాడు చూస్తే, పక్కన పసుపు లేక ఊదా ఆకులు ఇస్త్రీపెట్టె కింద మాడిన గుడ్డలా ఉన్నాయి. ఒక్కరూ ఇటు తల తిప్పలేదు. మధ్యాహ్నందాకా ఓర్చుకుని, చివరికి కంచె దగ్గరికొచ్చి, "పాపం, అక్కడ నీడకి చచ్చిపోతాయే! మళ్ళీ ఇక్కడే పెట్టు. ఆ, కాస్త ఇటు జరుపు, ఊదా పక్కకి," అంది. ఆఖరి కుండీ దించగానే దారినపోయే ఒకావిడ ఆగి, "మీ తోట ఎంత బావుందమ్మా!" అంది, తోడికోడలితోనే. టైలరమ్మ పళ్ళు నూరుకుంటూ, కంచె సందులోంచి ఆ చామంతులకి నీళ్ళు పోసింది.