డబ్బా మీది పుంజు

మా వంశంలో గుడ్లు కొనడానికి బజారుకు వెళ్లిన మొదటివాణ్ని నేనే. మా తాత కాలంలో గుడ్లు గంపలకొద్దీ ఇంటికి వచ్చేవి. తెచ్చినవాళ్లు మాత్రం గడప బయటే ఆగేవారు. ఇప్పుడు దంతాలపల్లి దగ్గర ఆ ఇంట్లో సగం కప్పు, నేను, ఒక ముసలి పెట్ట మిగిలాం.

పుంజును ఎండాకాలంలో కుక్కలు ఎత్తుకుపోయాయి. వానలు పడగానే పెట్ట పొదుగుకు వచ్చి ఉత్త గంపలో కూర్చుంది. పుంజు లేకుండా అది పెట్టిన గుడ్లు పిల్లలు కావని నాకు తెలుసు. దానికి వయసైపోయింది. ఈసారి పిల్లలు లేవకపోతే మా పెరట్లో కోడి అనేది ఇక ఉండదు.

మా పెరట్లో మేకలకు గడ్డి కోసుకునే తండా అవ్వకు కోళ్లున్నాయి, పుంజులూ ఉన్నాయి. ఆమెను అడగవచ్చు. కానీ అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బస్సెక్కి జనగామ వెళ్లాను.

అక్కడొక దుకాణంలో నాటు గుడ్ల డబ్బా కనిపించింది. మట్టి రంగు అట్ట, దానికి పురికొస ముడి. మూత మీద పెంకుటిల్లు, ఎర్ర జుట్టు పుంజు, పక్కన తలపాగా చుట్టి మీసం మెలేసిన పెద్దమనిషి. అచ్చం మా తాతే. కాకపోతే ఈయన నవ్వుతున్నాడు. మా తాత నవ్వగా చూసినవారు లేరు. లోపల ఆరు గుడ్లు, ఒక్కోదానికి ఒక్కో గది. పెంకు రంగు చూసి, మీసం చూసి రెండు డబ్బాలు కొన్నాను.

పొదుగుకు బేసి లెక్కే పెట్టాలి. ఊక పోసిన గంపలో పదకొండు గుడ్లు పేర్చి, ఉరుములకు చెడిపోకుండా ఇనుప ముక్క, బొగ్గు పెట్టాను. మిగిలినదాన్ని ఉడకబెట్టుకు తిన్నాను. అట్ట ట్రేల్లో అమ్మే ఫారం గుడ్డు రుచే. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

గడ్డికి వచ్చిన అవ్వ గంపలోకి తొంగిచూసింది.

"ఏడికెల్లి తెచ్చినవ్ దొరా?"

"జనగామ నుంచి."

"గవి పెట్టిన కోళ్ల కాడ పుంజు ఉన్నదా?"

"డబ్బా మీద ఉన్నది కద అవ్వా."

ఆమె కొడవలి కింద పెట్టి మరీ నవ్వింది. "బొమ్మ పుంజు ఎట్ల తొక్కుతది దొరా!"

లోపలికి వచ్చేశాను.

ఇరవై ఒక్క రోజులు పెట్ట కదల్లేదు. రోజుకొకసారి దిగి నాలుగు గింజలు తిని మళ్లీ ఎక్కేది. రొమ్ము ఎముక బయటపడింది. ఇరవై నాలుగో రోజున ఒక గుడ్డు చెవి దగ్గర ఊపితే నీళ్లు కదిలిన చప్పుడు. ఇంకొకటి చేతిలోనే పగిలింది. ఆ కంపులో వంశ గౌరవం ఏమీ లేదు. డబ్బా తిరగేసి చూశాను. అడుగున ఫారం గుడ్లని రాసే ఉంది. మీసం పెద్దది, అక్షరాలు చిన్నవి.

మురిగిన గుడ్లు తీసేసినా పెట్ట గంప దిగలేదు. ఒట్టి ఊక మీద కూర్చుని చచ్చేలా ఉంది. ఖాళీ డబ్బాలు పట్టుకుని తండాకు నడిచాను. అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది.

"గుడ్లు కావాలె అవ్వా."

"ఏంది? జర గట్టిగ చెప్పు దొరా, నా చెవులు మందం."

గట్టిగా చెప్పాను. తండా అంతా విన్నది.

ఆమె నా చేతిలోంచి డబ్బాలు అందుకుని అటూ ఇటూ తిప్పింది. "మస్తున్నయి. గివి నాకియ్యి."

"మరి గుడ్లు దేంట్ల పట్టుకపోవాలె?"

"భుజం మీద కండువ లేదా? పట్టు."

మా ఇంట్లో కండువా భుజం దిగదు. దాన్ని రెండు చేతులా చాచి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. అవ్వ ఏమీ తొందరపడకుండా, ఒక్కొక్కటే, పదకొండు గుడ్లు అందులో పెట్టింది.

తొమ్మిది పిల్లలు లేచాయి. పెట్ట బతికింది, ఇప్పుడు నన్ను పొడుస్తోంది కూడా. అవ్వ ఒక డబ్బాలో సూదులూ దారమూ, రెండో దాంట్లో ఆకూ వక్కా పెట్టుకుంది. తండాకు వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. తలపాగా పెద్దమనిషి మీసం మెలేసి ఆమె వక్కకు కాపలా కాస్తుంటాడు. నవ్వు మాత్రం మానలేదు.