భీమారావు పేరు మీద ఒక గుండె

బుకిట్ పంజాంగ్‌లో భీమారావును అందరూ సైకిల్ అంకుల్ అనే పిలుస్తారు. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చినవాడు, తండ్రి ఓడరేవులో మూటలు మోసినవాడు. ఈయన ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. బస్సు దిగితే సైకిలెక్కేవాడు. ఆదివారాలు స్నేహితులతో చాంగీ దాకా వెళ్లివచ్చేవాడు. దారిలో ఎత్తు వస్తే అందరికన్నా ముందు పైకి చేరి, వెనక రొప్పుతూ వచ్చేవాళ్లను వెక్కిరిస్తూ నిలబడేవాడు. పేరుకు తగ్గ మనిషి అని ఆయనకు ఆయనే చెప్పుకునేవాడు లెండి.

నిరుడు మండాయ్ రోడ్డులో అలాంటి ఎత్తు మీదే ఛాతీ పట్టేసింది. డాక్టర్లు స్టెంట్ వేసి, మెల్లమెల్లగా మళ్లీ వ్యాయామం మొదలుపెట్టమన్నారు. గుండె బాగుపడింది గానీ భీమారావు ధైర్యం బాగుపడలేదు. మెట్లెక్కితే ఛాతీ మీద చెయ్యి, లిఫ్టు ఆలస్యమైతే ఛాతీ మీద చెయ్యి. వీధిలో సైకిల్ గంట వినబడితే చాలు, మొహం తిప్పుకునేవాడు.

ఒక్కగానొక్క కూతురు కీర్తిక పాయా లేబర్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటుంది. తండ్రి అవస్థ చూసి, ఇంట్లోనే కదలకుండా తొక్కే ఏర్పాటు చేయించింది. హాల్లో స్టాండు బిగించి దానికి ఆయన సైకిలే తగిలించారు. పెడళ్లలో పవర్ మీటర్ ఉంది. కాళ్లు ఎంత బలంతో తొక్కుతున్నాయో అది వాట్లలో చూపిస్తుంది. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో లెక్క చెబుతుంది. రెండు అంకెలూ ఎదురుగా తెర మీద పడతాయి, అక్కణ్ణించి కీర్తిక ఫోనుకూ పోతాయి. ఎనభై వాట్లు దాటొద్దని డాక్టరు గీత గీశాడు. ఆ గీత దాటకుండా తొక్కితే భయమే లేదంది కీర్తిక.

భయమంతా ఆ తెరలోనే ఉందని ఆ పిల్లకేం తెలుసు? మొదటిరోజు భీమారావు ఎక్కి నాలుగు తొక్కులు తొక్కాడో లేదో, గుండె అంకె పెరగడం మొదలుపెట్టింది. తొంభై ఎనిమిది. నూట నాలుగు. నూట పది. తన గుండె ఎటు పోతోందో ఇలా కళ్లెదుట కనబడటం ఆయన బతుకులో ఎన్నడూ లేదు. చెమటలు పట్టాయి. అంకె చూసి భయం, భయానికి అంకె ఇంకా పెరగడం. దిగిపోయి సోఫాలో కూలబడ్డాడు. వెంటనే కీర్తిక నుంచి మెసేజీ వచ్చింది, అప్పుడే ఆపేశావేం నాన్నా అని.

అప్పుడు ఆదుకున్నది భార్య ఆండాళమ్మ. మీకు ధైర్యం వచ్చేదాకా నాలుగు రోజులు నేను తొక్కుతాను, పిల్ల సంతోషిస్తుంది అంది. పట్టీ తన ఛాతీకి కట్టుకుని, నైటీ మోకాళ్ల దాకా దోపి, కుర్చీ మీదెక్కి సైకిలెక్కింది. ఆ నాలుగు రోజులు నెలలయ్యాయి.

ఆండాళమ్మకు అది నచ్చింది కూడాను. వాషింగ్ మెషిన్‌లో బట్టలు పడేసి సైకిలెక్కేది. తెర మీద ఏవో దేశాల కొండదారులు వచ్చేవి. జూరాంగ్ దాటి ఎరగని తాను పొద్దున్నే మంచుకొండలు చూసొస్తున్నానని మురిసిపోయేది. కీర్తికేమో ఆఫీసులో అందరికీ తండ్రి గురించి గొప్పలు చెప్పుకునేది. డాక్టరు కూడా ఫోనులో ఆ అంకెలు చూసి భీమారావు భుజం తట్టాడు. భార్య కాళ్లతో పేరు తెచ్చుకున్న మగవాడు ఆ చెయ్యి కింద తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

ఒక బుధవారం మధ్యాహ్నం కీర్తిక ఫోను చేసింది. ఈ వారమంతా గుండె అంకె పిచ్చిపట్టినట్టు గెంతుతోందట. అవే ఎనభై వాట్ల దగ్గర ఒక క్షణం తొంభై, మరుక్షణం నూట డెబ్భై. పట్టీ తడిపి కట్టుకున్నావా, ఆరిపోతే తప్పు చూపిస్తుంది అని అడిగింది. భీమారావు ఆ మాట పట్టుకుని వేలాడాడు. పట్టీదే తప్పు అన్నాడు. కీర్తిక వినలేదు.

"నాన్నా, డోంట్ మూవ్. ఏమీ ఎత్తొద్దు. ట్యాక్సీ పంపిస్తున్నా, అమ్మని తీసుకుని హాస్పిటల్‌కి వచ్చేయ్. నేను డైరెక్ట్‌గా అక్కడికే వస్తా."

ఫోను పెట్టేసి భీమారావు వంటింటి వైపు చూశాడు. ఆండాళమ్మ సింకు అంచు పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు మూసుకుని ఊపిరి కోసం చూస్తోంది. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్లూ తాడును చూసి పామని పరుగెత్తినవాడికి, అసలు పాము ఎక్కడుందో అప్పుడు కనబడింది.

"ఎన్నాళ్లయింది ఇలా?" అని అడిగాడు.

"వారం రోజులవుతుందేమో. లోపల పావురం రెక్కలు కొట్టుకున్నట్టుంటాది. సుమ్మా, ఊరికే, అదే పోతాదనుకున్నాను."

"మరి తొక్కడం ఆపలేదేం?"

"ఆపితే పిల్ల అడగదా? మీ పరువేటయిపోతాది?"

భీమారావు ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడే కీర్తికకు చెప్పేస్తానన్నాడు. ఆండాళమ్మ ఒప్పుకోలేదు. ముందు మిమ్మల్ని చూస్తారు, బాగానే ఉందంటారు, గొడవ సద్దుమణుగుతుంది, నేను శుక్రవారం కళ్లు తిరుగుతున్నాయని చెప్పి పాలీక్లినిక్‌లో చూపించుకుంటాను అంది. అది తప్పని ఆయనకు తెలుసు. అయినా తల ఊపాడు. సిగ్గుచేటు, కానీ ఊపాడు.

ట్యాక్సీలో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భీమారావు ఆమె మణికట్టు పట్టుకుని నాడి వెతికాడు. దొరికింది, తప్పింది, మళ్లీ దొరికింది. దేవుడా, శుక్రవారం దాకా ఏమీ కాకుండా ఆగనీ అని మొక్కుకున్నాడు. మొక్కుతూనే, ఎందుకు ఆగాలి శుక్రవారం దాకా అని తనను తానే తిట్టుకున్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి, అంకుల్‌కి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఆసుపత్రిలో నర్సు భీమారావు పేరు పిలిచింది. చొక్కా విప్పించి ఛాతీ నిండా తీగలు అంటించారు. మంచం పక్కన కీర్తిక, గోడవార కుర్చీలో ఆండాళమ్మ. కాగితం మీద గీతలు చక్కగా, ఒకే వరసలో వచ్చాయి. పడుచు డాక్టరు వాటిని రెండుసార్లు చూసి, ఈ గుండెకేమీ కాలేదు, పట్టీ పాడైనట్టుంది అన్నాడు. కీర్తిక అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు వదిలేసి, నవ్వుతూ తండ్రి తల నిమిరింది.

ఇక లేచి చొక్కా తొడుక్కుంటే అయిపోయింది. అబద్ధం దానంతటదే కప్పుకుపోయింది. గోడవార నుంచి ఆండాళమ్మ కళ్లతోనే చెప్పింది, మాట్లాడకండి అని. ఆమె పెదాలు తెల్లబడ్డాయి, పైపెదవి మీద చెమట మెరుస్తోంది. భీమారావు కూతురి నవ్వు వైపు చూశాడు. ఆ నవ్వు తన మాటతో చచ్చిపోతుందని ఆయనకు తెలుసు. ఛాతీ పట్టేసిన రోజున కూడా అంత భయం వెయ్యలేదు.

"ఆ గుండె నాది కాదు, తల్లీ," అన్నాడు. "అమ్మది. మొదట్నుంచీ అమ్మే తొక్కింది."

కీర్తికకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఆమె తండ్రి వైపు చూడనేలేదు, తల్లి దగ్గరికి పరుగెత్తింది. భీమారావు తీగలు తనే పీకేసుకుని మంచం దిగాడు. అదే మంచం మీద ఆండాళమ్మను పడుకోబెట్టారు. ఈసారి కాగితం మీద గీతలు చిందరవందరగా వచ్చాయి. డాక్టరు వెంటనే ఇంకో ఇద్దరిని పిలిచాడు.

సాయంత్రానికి ఆమెను వార్డుకు మార్చారు. గుండె లయ తప్పిందట, రక్తం గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉందట, మందు ఎక్కిస్తున్నారు. సమయానికే తెచ్చారన్నారు గానీ, పూర్తిగా గట్టెక్కిందని ఎవరూ అనలేదు. మాకాన్‌కి వెళ్లి ఏదైనా తిని రా అంది కీర్తిక, గోడకు చెప్పినట్టు. ఆయన కదల్లేదు.

ఆండాళమ్మ తల పైన తెర ఉంది. నూట ముప్పై. తొంభై నాలుగు. నూట యాభై ఒకటి. తన గుండె అంకె చూడలేక సైకిల్ దిగిపోయిన మనిషి ఆ తెర మీంచి కళ్లు తిప్పలేదు. రెప్ప వేస్తే ఆ సందులో ఏమైపోతుందోనని భయం.

"మెషిన్‌లో తడిబట్టలు అలాగే ఉండిపోయాయి," అంది ఆండాళమ్మ నీరసంగా.

"ఆరేస్తాలే."

"రేపట్నుంచి సైకిల్ ఎవరు తొక్కుతారు?"

"నేనే."

"భయం పోయిందేటి?"

"లేదు," అన్నాడు భీమారావు. ఆమె చెయ్యి పట్టుకుని, తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.