బేస్ గిటారుకు పాత రంగు

విశాఖ ఉక్కునగరంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాకు జీతం ఉండేది, క్వార్టర్ ఉండేది, మాట్లాడే మనిషే ఉండేవాడు కాదు. షిఫ్టు నుంచి వచ్చి, నేను వండిన అన్నాన్ని నేనే తిట్టుకుంటూ తినేవాణ్ణి. ఆ ఒంటరితనానికి విరుగుడుగా నాకంటే వయసులో పెద్దదైన ఒక బేస్ గిటారు కొన్నాను. (బేస్ ఒక్కటే మోగిస్తే పాట రాదని, పక్కన నలుగురుండాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు గనక.) మద్దిలపాలెంలో పెళ్లిళ్లకు వాయించే బ్యాండు ఒకటుందని తెలిసి ఆశగా వెళ్లాను. దాని నాయకుడు గిటారును అటూ ఇటూ తిప్పి, "సుట్టూ ఉన్న అంచు పట్టీ ఊడి ఏలాడతంది బావ. స్టేజీ మీద బాగోదు. బాగుసేయించుకుని రా, సూద్దాం" అన్నాడు. ఆ "సూద్దాం" అన్న మాటకే నాకు ఉద్యోగం వచ్చినంత సంబరమైంది.

వన్ టౌన్‌లో హార్మోనియంలు బాగుచేసే భాయ్ చెప్పిన ధర విని స్టూలు మీద కూలబడ్డాను. గిటారుకు పెట్టినదానికంటే ఆ అంచుకే ఎక్కువ.

"కొత్త పట్టీ ఏత్తే తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడిపోద్ది. టీ డికాషన్‌లో నానబెట్టి పాత రంగు తేవాల. దానికి వేరే" అన్నాడు.

"కొత్తదాన్ని పాతగా చెయ్యడానిక్కూడా డబ్బులా భాయ్?"

"పాతగా అవ్వడం అంత తేలికేటి బాబూ. నాకు అరవయ్యేళ్లు పట్టింది."

ఇక బేరమాడలేదు. ఆయన రోజుకు జానెడు చొప్పున అతికించి, గుడ్డపేలికలతో కట్టి ఆరబెట్టేవాడు. చివరికి అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

బ్యాండు నాయకుడికీ తెలియలేదు. "భలే కుదిరింది బావ. అయితే ఏటంటే, మన కీబోర్డు కుర్రోడు ఎడంసేత్తో నీ పని కూడా సేసేత్తన్నాడు" అన్నాడు. గిటారును ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగొచ్చాను. ఏడుపొచ్చింది, కానీ పక్క సీట్లో మనిషున్నాడు.

ఆ సాయంత్రం నుంచి మొండిగా ఒక్కణ్ణే వాయించడం మొదలుపెట్టాను. నాలుగు రోజులకు పక్క క్వార్టర్ అక్క తలుపు కొట్టి, "రోజూ నీళ్ల మోటారు ఆపడం మర్సిపోతన్నావేటి తమ్ముడూ" అంది. సిగ్గుపడి గిటారును మంచం కిందకి తోసేశాను. వారం తిరక్కుండానే ఆవిడ మళ్లీ వచ్చింది, చేతిలో చారు గిన్నె.

"మోటారు సప్పుడు లేదు. ఒంట్లో బాగోలేదేటి?"

ఆ ఊరొచ్చాక ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. బాగానే ఉన్నానంటే చారు వెనక్కి పట్టుకెళ్లిపోతుందేమోనని జ్వరమన్నాను. ఆవిడ వెళ్లగానే గిటారు తీసి, జ్వరంతో ఉన్న మనిషి వాయించినట్టు మెల్లగా, గోడవతలికి చేరేంత మాత్రమే వాయించాను. అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆవిడకు వినబడిందో లేదో గానీ, నేను మాత్రం ఆ పూట చాలా జాగ్రత్తగా వాయించాను.