ఒక్కసారి కలిపి చూపియ్యి

పాలపొడి డబ్బా వాసన నాకు గడప బయటే తెలిసిపోతుంది. తియ్యగా, ముక్కుకు అంటుకుపోయేలా ఉంటుంది. మొన్న కొల్లూరు డబుల్ బెడ్రూం ఇళ్లలో నాలుగో అంతస్తు ఎక్కి, ఆయాసపడుతూ ఒక బాలింత తలుపు తట్టాను. ఆశ వర్కర్‌నని తెలియగానే ఆ పిల్ల గబగబా మంచం మీద దుప్పటి సర్దింది. "డబ్బా పాలు గిట్ల ఏం ఇస్తలేనక్కా, అన్నీ నా పాలే" అంది, నేను అడగకముందే. దుప్పటి అంచు కింద నుంచి పాలసీసా మూతి మాత్రం నన్నే చూస్తోంది. కోపం రావాల్సిన మాటే. రాలేదు. ఆ వాసన నన్ను చిట్కుల్‌లో ఒకప్పుడు మేమున్న కిరాయి గదికి, నర్సు అనసూయమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

అప్పటికి నా వయసు ఇరవై రెండు. నా కూతురు శ్రావణికి మూడో నెల. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి మళ్లీ ఎక్కాను. సాయంత్రం ఇంటికి రాగానే మా అత్తమ్మ నా భుజం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. "నీ ఒంటికే గింత మందు వాసనొస్తుంటే, పాలల్ల ఎంతుంటదే? పసిగుడ్డుకు విషం తాపుతవా?" అనేది. మా వాడకట్టులో కంపెనీలకు పోయే తల్లులందరికీ ఇదే భయం. నేనూ నమ్మాను. నా పాలు బాత్‌రూంలో పిండి పారబోసి, బిడ్డకు డబ్బా పాలు మొదలుపెట్టాను. పండక్కి కంపెనీ వాళ్లిచ్చిన స్టీలు ఫ్లాస్కు ఉండనే ఉంది. పొద్దున్నే అత్తమ్మ దాని నిండా పాలు కలిపేది. సాయంత్రం దాకా వెచ్చవెచ్చగా ఉండేవి. మా తెలివికి మేమే మురిసిపోయాం!

మూడు వారాలకు శ్రావణి వాడిపోయిన తోటకూర కాడలా అయింది. రోజుకు పదిసార్లు విరేచనాలు. నడినెత్తి గుంట పడింది. వీధి చివరి డాక్టరు సీరప్ మీద సీరప్ రాశాడు. బిడ్డ దక్కదేమోనని రాత్రంతా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చునేదాన్ని.

అలాంటి ఒక పొద్దున, ఇల్లిల్లూ తిరుగుతూ మా గదికి వచ్చింది సర్కారు నర్సు అనసూయమ్మ. పొట్టి మనిషి. దారంతో కట్టుకున్న కళ్లద్దాలు, చంకలో గొడుగు. ఏ ఇంటికి పోయినా గడప దగ్గరే చెంబుతో నీళ్లడిగి మోచేతుల దాకా కడుక్కునేది. మేం కుర్చీ వేస్తే పక్కకు జరిపి కింద కూర్చుంది. బిడ్డ పొట్ట చర్మం పట్టి చూసింది. మొహం మారింది. కానీ ఒక్క మాట అనలేదు. ఓఆర్ఎస్ నీళ్లు కలిపించి, చెంచాతో నా చేతనే తాగిస్తూ, అత్తమ్మ వైపు తిరిగింది. "అక్కా, పాలు ఎట్ల కలుపుతున్నవో నాకు ఒక్కసారి కలిపి చూపియ్యి" అంది.

అత్తమ్మకు భలే హుషారొచ్చింది. బోరు నీళ్లు గోరువెచ్చగా కాచింది. డబ్బాలోని కొలత చెంచా ఎప్పుడో పోయింది కాబట్టి టీ చెంచాతో పొడి వేసింది. అంతా ఫ్లాస్కులో పోసి బిగించి, "గిట్ల" అంది గొప్పగా. అనసూయమ్మ ఫ్లాస్కు మూత విప్పి నా చేతిలో పెట్టింది. "ఆ రబ్బరు కింద వేలు పెట్టి తిప్పు బిడ్డా."

తిప్పాను. వేలికి పచ్చగా, జిగటగా ఏదో వచ్చింది. పులిసిన కంపు. అత్తమ్మ నా వేలు పట్టుకుని తనే వాసన చూసింది.

"వేడిగ ఉంచితే మంచిదని ఉంచిన్రు. పాలు తోడుకునేది గూడ ఆ వెచ్చదనంలనే కదక్కా" అంది అనసూయమ్మ మెల్లగా. "ఇగ ఈ బోరు నీళ్లు. మరగ కాస్తే పురుగు చస్తది గని, భూమిలకు ఇంకిన కంపెనీల మందు పోతదా? డబ్బా పాలు విషం కాదు. తల్లి లేని పిల్లలను వాటితోనే బతికించిన. శుభ్రం, కొలత, మంచి నీళ్లు, ఎప్పటియి అప్పుడు కలపాలె. గవి లేకుంటేనే పిల్లల పానం మీదికొస్తది." తర్వాత నన్నడిగింది, "నీ పాలు ఎందుకు బంద్ జేసినవ్?"

మందు వాసన సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆటో పిలిపించి మమ్మల్ని పటాన్‌చెరు సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. బిడ్డకు సెలైన్ ఎక్కుతుండగా, డాక్టరమ్మతోనే అత్తమ్మకు చెప్పించింది: నేను చేసేది సీలు వేసిన గోలీల అట్టలను డబ్బాల్లో సర్దే పని, ఇంటికొచ్చి స్నానం చేసి బట్టలు మార్చుకుంటే చాలు, పాలకు ఏ దోషమూ లేదు.

దోషం లేదు సరే, పాలే లేవు. ఎండిపోయాయి. అప్పుడు అనసూయమ్మ చేసిన పని ఇప్పటికీ నా బుద్ధికి అందదు. సూపర్‌వైజర్‌ను బతిమాలి నేను సెలవు పెట్టాను. బిడ్డను ఇంటికి తెచ్చాక అనసూయమ్మ రోజూ పొద్దున్నే తన డ్యూటీకి ముందు మా గదికి వచ్చేది. నల్లా నీళ్లు మరగబెట్టి, కొలత ప్రకారం అప్పటికప్పుడు డబ్బా పాలు కలిపించేది. సీసా పక్కన పడేయించి, అత్తమ్మ పెట్టెలోని ఉగ్గుగిన్నె తీయించింది. బిడ్డను నా రొమ్ముకు పట్టించి, ఉగ్గుగిన్నెతో ఆ పాలు చుక్కచుక్కగా నా రొమ్ము మీద పోసేది. అవి జారి బిడ్డ నోట్లోకి పోయేవి. "వట్టి రొమ్మయితే పిల్ల అలుగుతది. గిట్లయితే చీకుతది. అది చీకితే నీ ఒంటికి యాదికొస్తది" అనేది. నాకు నమ్మకం లేదు. ఐదో రోజు ఏడ్చేశాను. ఆమె పోస్తూనే ఉంది.

పదకొండో రోజు ఆమె చెయ్యి ఆగింది. గిన్నె పైకెత్తింది. పైనుంచి చుక్క కూడా పడటం లేదు. అయినా శ్రావణి గొంతు కదులుతోంది. గుటుక్, గుటుక్. గదిలో ముగ్గురం ఆ చప్పుడే విన్నాం. అత్తమ్మ ఆమె చేతులు పట్టుకుని, "దేవతవమ్మా" అని ఏడ్చింది.

"నాదేం లేదక్కా. అంత ఆ బిడ్డ నోట్లనే ఉన్నది" అని చేతులు విడిపించుకుంది.

బస్టాండు దాకా సాగనంపుతూ అడిగాను, మొదటిరోజు మమ్మల్ని ఎందుకు తిట్టలేదని. ఆమె గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. "కొత్తల తిడుతుంటిని బిడ్డా. ఒక తల్లిని వాడకట్టంత వినేటట్టు తిట్టిన. మళ్ల పోతే సీసా కనవడలే. బాగుపడ్డదనుకొని సంబురపడ్డ. సీసా దాసిపెట్టింది, నాకు భయపడి. ఇంకోసారి పోయేసరికి బిడ్డ లేదు." బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయింది.

శ్రావణి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, నాకంటే జానెడు పొడుగు. అనసూయమ్మ పోయి మూడేళ్లయింది. ఆమె గొడుగు నా దగ్గర లేదు, ఫోటో కూడా లేదు.

కొల్లూరులో ఆ పిల్ల దుప్పటి మీద చెయ్యి వేసుకుని నిలబడే ఉంది. నేను నీళ్లడిగి మోచేతుల దాకా కడుక్కున్నాను. ఆమె వేసిన కుర్చీ జరిపి కింద కూర్చున్నాను. "తిట్టనీకి రాలేదు బిడ్డా. పాలు ఎట్ల కలుపుతున్నవో నాకు ఒక్కసారి కలిపి చూపియ్యి" అన్నాను.

ఆ పిల్ల దుప్పటి తీసి సీసా నా ముందు పెట్టింది. కాసేపు నా మొహంలోకే చూసింది. తర్వాత మంచం కిందికి వంగి, ఫ్లాస్కు కూడా తెచ్చి పక్కన పెట్టింది.