ఎర్రమ్మ అడిగిన మధ్యాహ్నం ఓపీ

నేను మాస్టారుగా రిటైరైన ఏడాది, మా ఊరి ప్రభుత్వాసుపత్రి కమిటీలోకి రోగుల తరఫున చేపలమ్మే ఎర్రమ్మను తీసుకున్నారు. నన్ను కాదన్నందుకు కడుపు రగిలిపోయింది. పిలవకపోయినా సమావేశానికి వెళ్లి రెండు పేజీల సలహాలు చదివాను.

తర్వాత ఎర్రమ్మ లేచింది. "మేం సేపలమ్ముకొని వొచ్చీసరికి ఓపీ మూసేస్తన్నారు బాబూ. మద్దేన్నం ఒక గంట సూడండి."

డాక్టరుగారు వెంటనే రాసుకున్నారు. నాకు ఉండబట్టలేదు. "ఆసుపత్రి సంగతులు ఈవిడకేం తెలుసు?" అన్నాను.

"మేస్టారూ, మీరు బీపీ ఎక్కడ సూపించుకుంటన్నారు?" అని మెల్లిగా అడిగింది.

శ్రీకాకుళంలో ప్రైవేటు డాక్టరు దగ్గరని అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఇప్పుడు నేనూ ఆ మధ్యాహ్నం ఓపీకే వెళ్తున్నాను. వరసలో ఎర్రమ్మ ముందు, నేను వెనక. బీపీ తగ్గింది గానీ కుళ్లు తగ్గలేదు.