తలుపు తీసిపెట్టి కూర్చున్న ఆయమ్మ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా నాయన ఆత్మకూరులో నేను పనిచేసే బడికి వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకొని, "ఆయమ్మ పోయింది పాపా. తెల్లారగట్ట పోయింది. మీ అమ్మ ఆడనే ఉండాది. నిన్ను పిల్చుకరమ్మన్నాది" అన్నాడు. మేము బస్సు పట్టుకొని మా ఊరు ఉదయగిరి చేరేసరికి ప్రార్థన అయిపోయి మట్టి వేస్తున్నారు. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. అందుకేనేమో, ఆమె లేదన్న మాట నాకింకా మనసుకెక్కలేదు. ఆ ఊళ్లో బస్సు దిగగానే కళ్లు ఇప్పటికీ ఆమెకోసం వెతుకుతాయి.

ఆమె మాకు చుట్టం కాదు. ఆసుపత్రిలో చాలా ఏళ్లు ఆయాగా పనిచేసి, వయసు మీదపడి మానుకొని, మా వీధి చివర ఒంటరిగా ఉండేది. ఊరంతా ఆయమ్మ అనేది. మేమూ అలాగే పిలిచేవాళ్లం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అవ్వకు, అంటే నాయన తల్లికి, పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది, మాట పోయింది. ఆమెకు తినిపించడం, కడగడం, పక్క మార్చడం అన్నీ అమ్మే చేసేది. చేస్తూనే నాయన వెంట చేనుకు పోవాలి. పోకపోతే గడవదు. కొన్నాళ్లకు ఇంట్లో అందరికీ తోచిన ఉపాయం ఒకటే, నేను బడి మానేసి అవ్వ దగ్గర కూర్చోవడం. మా ఇంట్లో నాకంటే ముందు బడి గడప తొక్కినవాళ్లు లేరు కాబట్టి, అది నష్టమని ఎవరికీ అనిపించలేదు, నాకు తప్ప.

ఈ సంగతి బోరింగు దగ్గర ఆయమ్మ చెవిన పడింది. ఆ సాయంత్రమే వచ్చి, "పాపను బడికి పంపు. నువ్వు చేను నుంచి వచ్చేదాకా నేను కూర్చుంటా. నాకూ పొద్దు పోవాల గదా" అంది. అమ్మ చూద్దాంలే అని పంపేసింది. ఆమె వెళ్లాక మాత్రం, "నొప్పి యాడుందో చెప్పలేని మనిషిని ఎవరి చేతిలోనో పెట్టి పోయేదెట్టా?" అని నాయన మీద ఎగిరింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయమ్మ ఊరవతల దళితవాడ నుంచి వచ్చిన క్రైస్తవురాలు. అవ్వ తిరుగుతున్న రోజుల్లో ఆమె చేతి మంచినీళ్లు ముట్టేది కాదు. అది ఆయమ్మకూ తెలుసు.

నేను ఏడ్చి అన్నం మానేస్తే, చివరికి అమ్మ సరేనంది.

మొదటి రోజు ఆయమ్మ అవ్వను తాకనే లేదు. గోడకు చేరగిలబడి, "నువ్వు చెయ్, నేను చూస్తా" అంది.

"ఆసుపత్రిలో చేసినదానివి, నీకు నేను చూపించాలా?" అంది అమ్మ.

"ఆడుండేది రోగులు. ఈడుండేది మీ అత్త. ఈమె సంగతి ఆసుపత్రికేం తెలుసు?"

అలా కొన్ని రోజులు చూస్తూనే ఉంది. రాగి అంబలి కుడి బుగ్గలో పోయాలని, మింగిందో లేదో గొంతు చూసి తెలుసుకోవాలని, ఎత్తేముందు చెప్పి ఎత్తాలని అమ్మ దగ్గర నేర్చుకుంది. అమ్మకు ఒక వేళాకోళం అలవాటు. అవ్వను లేపేటప్పుడు, "ఏం మహారాణీ, లేస్తావా, పల్లకీ తెమ్మంటావా?" అనేది. అవ్వ సగం నోటితో నవ్వేది. ఆయమ్మ ఆ మాట కూడా నేర్చుకుంది. మొదటిసారి ఆమె అన్నప్పుడు అవ్వ పళ్లు బిగబట్టి గుడ్లురిమింది. "కోపమా? ఉండనీలే మహారాణీ. ఆకలైతే నువ్వే నోరు తెరుస్తావు" అని ఆయమ్మ గిన్నె పట్టుకొని తాపీగా కూర్చుంది. చాలాసేపటికి అవ్వ నోరు తెరిచింది. ఇంకొన్నాళ్లకు నవ్వింది. ఆ నవ్వు పెరట్లోంచి చూసిన అమ్మ ముఖంలో సంతోషం ఎంతో, ఈర్ష్య ఎంతో నేను చెప్పలేను.

ఆయమ్మ ఉన్నంతసేపూ మా వీధి తలుపు బార్లా తీసి ఉండేది. మంచం దారిన పోయేవాళ్లకు కనబడేలా లాగిపెట్టేది. దుమ్మొస్తుందంటే, "రానీ, చిమ్ముతా. మూసిన తలుపెనక మంచి చేసినా అనుమానమే" అనేది. అమ్మ ఏదో సాకు పెట్టుకొని మధ్యలో చేను నుంచి వచ్చేది.

"ఏం మర్చిపోయినావు ఈరోజు?"

"కొడవలి."

"నీ చేతిలోనే ఉండాదే!"

అమ్మ సిగ్గుపడితే, "వచ్చి చూసుకోమ్మా. చూడాలనిపించేది తప్పు గాదు" అనేది.

ఆ చలికాలంలో జరిగింది అది. పడిపోయిన పక్క కాపడం పెట్టొద్దని, అక్కడ స్పర్శ లేదని అమ్మ ముందే చెప్పింది. కానీ అవ్వ మంచి చేత్తో ఆ చల్లబడిన చేతినే చూపించి, కళ్లతో బతిమాలిందట. ఆయమ్మ మనసు కరిగి, ఉప్పు వేయించి మూట కట్టి పెట్టింది. తీసేసరికి మణికట్టు దగ్గర బొబ్బ లేచింది. అమ్మ గడ్డిమోపుతో వాకిట్లోకి వచ్చేసరికి ఆయమ్మ గడపలో నిలబడి ఉంది. నేనూ అప్పుడే బడి నుంచి వచ్చాను.

"మీ అత్త చెయ్యి కాలింది. నేనే కాల్చినాను. నువ్వు వద్దన్న పక్కనే కాపడం పెట్టినా. ముందు చూడు, తర్వాత తిట్టు."

అమ్మ చూసింది. తర్వాత తిట్టింది. వీధంతా వినబడేలా తిట్టి, రేపటి నుంచి రావద్దంది. ఆయమ్మ గడప దిగింది. "బొబ్బ చిదపబాక" అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

మరునాటి నుంచి నేను బడికి పోలేదు. అవ్వ వీధివైపే చూస్తూ పడుకునేది. పుస్తకాలను అమ్మ గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టింది. ఇంక అంతే అనుకున్నాను. ఒకరోజు పరామర్శకు వచ్చిన మా మేనత్త, "ఆ ఆయమ్మది తెలివితక్కువ. ముసలామెకు మాటా పాటా? చెప్పకుంటే తెలిసేదే కాదు గదా" అంది. అంట్లు తోముతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అవును. తెలిసేది గాదు. పొద్దున నేను పోసిన వేన్నీళ్లకే కాలిందనుకొని నేనే ఏడ్చుండేదాన్ని" అంది. ఆ బూడిద చేతులతోనే లేచి వీధి చివరికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

ఆయమ్మ చేటలో కందులు ఏరుతోంది.

"మా అత్త నీకోసం వాకిలి చూస్తాండాది" అంది అమ్మ.

"అత్త సంగతి సరే. నీకు నా మీద నమ్మకం ఉండాదా?"

అమ్మ బూడిద చేతులు కొంగుకు తుడుచుకొని, "అంతా లేదు" అంది.

ఆయమ్మ పెద్దగా నవ్వింది. "అదే మంచిది లే. అంతా నమ్మినోళ్లు తిరిగి చూడను గూడా రారు. నువ్వు వస్తాండు." చేట పక్కన పెట్టి మా వెంట వచ్చేసింది.

తర్వాత నా చదువు ఆగలేదు. అవ్వ పోయినప్పుడు ఆమెకు ఆ ఇద్దరూ కలిసే స్నానం చేయించారు. నాకు ఆత్మకూరులో ఉద్యోగం వచ్చిందని చెబితే, ఆయమ్మ నా చేయి పట్టుకొని, "చిన్న పిలకాయల్ని దించిపోయే అమ్మలు గేటుకాడ నిలబడి చూస్తాంటారు. కసురుకోబాక పాపా. చూడనీ" అంది. చాలాసార్లు కసురుకోబోయి ఆగాను. ఆ మాట ఆమెకు చెబుదామనుకుంటూనే వచ్చే సెలవులకు, ఆ వచ్చే సెలవులకు అని వాయిదా వేశాను.

మీలో మంచం పట్టిన మనిషిని చూసుకునేవాళ్లుంటే, వాళ్లకు నిద్ర ఎంత దూరమో తెలిసే ఉంటుంది. నేను ఆయమ్మను తలుచుకున్నప్పుడల్లా నాకు మొదట కనబడేది ఒంటిపూట బడులనాటి ఒక మధ్యాహ్నం. నేను ఎండలో పడి ఇంటికి వచ్చేసరికి ఏ చప్పుడూ లేదు. మంచం మీద అవ్వ నిద్రపోతోంది. ఆ మంచం పక్కనే వట్టి నేల మీద, చెంప కింద చెయ్యి పెట్టుకొని, నోరు కొంచెం తెరుచుకొని అమ్మ కూడా నిద్రపోతోంది. అవ్వ పడిపోయాక పగటిపూట ఆమె కన్నుమూయడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరి మధ్యా ఆయమ్మ కూర్చొని విసనకర్రతో విసురుతోంది, పైన అవ్వకు ఒకసారి, కింద అమ్మకు ఒకసారి. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. రెండో చేతిలో విసనకర్ర ఊగుతూనే ఉంది.