రెండోవైపు పట్టుకున్నప్పుడు

తాడేపల్లిగూడెం స్టేషను వెయిటింగ్ రూములో ఒక పెద్దాయన నేలమీద దుప్పటి పరిచి, పెద్ద ఫైబర్‌గ్లాస్ చిప్పలు రెండింటిని అంచుకు అంచు కలపాలని తంటాలు పడుతున్నారు. పైది సర్దితే కిందది జారిపోతోంది.

"ఏవండీ, కాస్త ఇటువైపు పట్టుకుంటారా?" అన్నారు.

పట్టుకుని, ఏమిటివని అడిగాను.

"కౌలింగండీ. విమానం ఇంజిన్ మీద మూత. కొల్లేరు పక్కన మా షెడ్డులో చిన్న విమానం కడుతున్నానండీ. పై సగం నేను చేశాను, కిందది ఇక్కడ చేయించాను. అంచులు కలవకపోతే గాలికి ఊడిపోద్దండీ."

అంచు వెంట వేలితో తడుముతూ వెళ్లి, "కలిసిందండీ!" అన్నారు. ముఖం వెలిగిపోయింది.

"ఇంటిదగ్గర చూసుకోలేకపోయారా?"

"ఒక్కణ్ణేనండీ. రెండోవైపు పట్టుకునేవాళ్లు లేరు."

"విమానంలో ఎన్ని సీట్లండీ?"

"రెండండీ."

"రెండోది ఎవరికి?"

ఆయన చిప్పల్ని దుప్పటిలో చుడుతూ, "అదింకా అనుకోలేదండీ," అన్నారు.

ఏలూరు వెళ్లే బండి రాగానే ఆ మూట ఎత్తుకుని వెళ్లిపోయారు.

ఇంటికి చేరాక నా అరచేతులు ఒకటే దురద. ఫైబర్‌గ్లాస్ నూగు గుచ్చుకున్నట్టుంది, ఎన్నిసార్లు కడిగినా పోలేదు. ఎందుకలా గోక్కుంటున్నావని అడగడానికి మా ఇంట్లోనూ ఎవరూ లేరు.